సిద్ధంగా ఉండండి అన్నందుకు

‘ఆ రోజుల్లో’ అని మొదలుపెట్టే అర్హత నాకు ఉందో లేదో తెలియదు. నేను చెప్పబోయేది జరిగి అయిదేళ్ళు కూడా నిండలేదు. అయినా అప్పటి నా తీరు తలచుకుంటే ఆ పిల్లకూ నాకూ బంధుత్వం ఉందా అన్న అనుమానం వస్తుంది గనుక ఆ మాటే వాడుతున్నాను (ఆక్షేపణ ఉన్నవారు చెయ్యెత్తవచ్చు, ఆ రోజుల్లో నేనైతే ఎత్తేదాన్ని). ఆ రోజుల్లో నేను తాండూరు నుంచి రోజూ రైలెక్కి వికారాబాద్‌లో డిగ్రీ చదువుకునేదాన్ని. చదువు సంగతి ఎలా ఉన్నా, మూడేళ్ళపాటు కాలేజీ డిబేట్లలో పాల్గొని ఒక సూత్రాన్ని మాత్రం ఒంటబట్టించుకున్నాను: ఏదైనా ప్రతిపాదించినవాడే దాన్ని రుజువు చేయాలి, కాదనేవాడు హాయిగా కూర్చోవచ్చు. ఈ సూత్రాన్ని వేదిక మీద వదిలి రావలసింది. నేను రైలెక్కించి ఇంటికి తెచ్చుకున్నాను. వంకాయలు లేతవని బండి మీద అమ్మే ఆమె అంటే ఆధారం చూపమన్నాను. సాయంత్రానికి వాన పడుతుందని మా అమ్మ అంటే, ఏ ప్రాతిపదిక మీద అంటున్నావని నిలదీశాను. “నా మోకాళ్ళు గుంజుతున్నయ్, గదే” అంది అమ్మ. వాన పడింది. దాన్ని కాకతాళీయం కింద జమకట్టాను. మా గల్లీలో నాకు ‘వకీలమ్మ’ అని పేరు పెట్టారు. అది ప్రశంస అనే అప్పట్లో నమ్మాను. ఏ ఇతర విషయంలోనూ అంత తేలికగా నమ్మినట్టు నాకు గుర్తు లేదు.

అటువంటి కాలంలో తాండూరు బస్టాండు గోడ మీద ఒక కాగితం వెలిసింది. “లెక్కలంటే భయమా? సైన్సంటే దూరమా? ఆరు ఆదివారాలు మాతో గడపండి. పిల్లలతోపాటు ఇంటి పెద్ద ఒకరు తప్పక రావాలి. ఆరు వారాలూ ఆ ఒక్కరే రావాలి. ఒకవైపు రాయని కాగితాలు తెచ్చుకోండి. ఉచితం.” చిరునామా ఒక పప్పు మిల్లు వెనక ఖాళీ గోదాం. దీన్ని మొదట చూసింది ఎనిమిదో తరగతి చదువుతున్న మా చెల్లె. అది మిగతా వాక్యాలేవీ చదవలేదు; అడుగున చిన్న అక్షరాల్లో ఉన్నది మాత్రమే చదివింది: “ఆఖరి ఆదివారం కోట్‌పల్లి ప్రాజెక్టు దగ్గర నీళ్ళు దాటకుండా అవతలి ఒడ్డు దూరం కొలుద్దాం.” రెండు రోజులు దానికి అన్నం సహించలేదు. “నీళ్ళల్ల దిగకుండ ఎట్ల కొలుస్తరక్కా? తాడు ఇసిరేస్తరా? గా ఒడ్డుకు ఎవలన్న ఉండాలె గద పట్టనీకి?” అని నా వెంట తిరిగింది. నేను ఆ కాగితాన్ని నిలువునా అడ్డంగా చదివి, పై నుంచి కిందికి నాలుగు అనుమానాలు తేల్చాను. ఎందుకు ఉచితం? బడి ఉండగా గోదాం ఎందుకు? కింద ఎవరి పేరూ ఎందుకు లేదు? అన్నిటికంటే ముఖ్యంగా, పిల్లలకు లెక్కలు చెప్పడానికి పెద్దలెందుకు?

నా అనుమానానికి పునాది లేకపోలేదని మనవి. అంతకు ముందు ఏడాది మా చెల్లె ఎవరో పెట్టిన ఉచిత ప్రతిభా పరీక్ష రాసింది. దానికి మొదటి ర్యాంకు వచ్చింది. దాని పక్క బెంచీ పిల్లకూ మొదటి ర్యాంకే వచ్చింది. పరీక్షకు రాని పిల్లకు రెండో ర్యాంకు వచ్చిందని తెలిసిన తర్వాత మాకు కళ్ళు తెరుచుకున్నాయి గాని, అప్పటికే మా నాయిన ఫోను నెంబరు వాళ్ళ చేతిలో పడింది. కోచింగులో చేర్చమని మూడు నెలలు వదలకుండా ఫోన్లు చేశారు. చివరికి నాయిన బండల పాలిష్ ఫ్యాక్టరీలో తనతో పనిచేసే కన్నడం వాళ్ళ దగ్గర నేర్చుకున్న నాలుగు ముక్కలూ కలిపి ఒకరోజు ధారాళంగా మాట్లాడితే, ఫోన్లు ఆగిపోయాయి. కాబట్టి ‘ఉచితం’ అన్న మాట మా ఇంట్లో ఎవరికీ అమాయకంగా వినిపించదు. అమ్మ కూడా కుట్టుమిషను ఆపి అడిగింది: “గాళ్ళు లెక్కలు చెప్పెటోళ్ళా, లెక్కలు రాస్కపోయెటోళ్ళా? మొన్న ఇంటింటికి తిరిగిన్రు సూడు, గా లెక్కలోళ్ళేనా?”

చిక్కేమిటంటే, నాయినకు ఆదివారమే లారీలకు బండలు లోడుచేసే రోజు. అమ్మకు పెళ్ళిళ్ళ జాకెట్లు మెడ మీద ఉన్నాయి. ఇంటి పెద్దగా వెళ్ళవలసింది నేనే. నేను వెళ్ళకపోతే చెల్లెకు కోట్‌పల్లి లేదు. “సరే, వస్తాను, అయితే ముందు విచారణ జరుగుతుంది” అని షరతు పెట్టాను. అంతటితో ఆగి ఉంటే ఈ కథే లేకపోయేది. ప్రజలను అప్రమత్తం చేయడం చదువుకున్నవారి ధర్మమనిపించి, మా గల్లీ వాట్సాప్ గ్రూపులో ఒక సందేశం పెట్టాను. ఇప్పటికీ అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది: “తల్లిదండ్రులకు విజ్ఞప్తి. ఉచిత గణిత శిబిరం నిర్వాహకులు మీ ఆధార్, రేషన్ కార్డుల నకళ్ళు, ఛాయాచిత్రాలు కోరవచ్చు. సిద్ధంగా ఉండండి.” ఆ చివరి రెండు మాటల మీద నాకు చాలా గర్వం. నిరాకరించడానికి గుండె దిటవు చేసుకోండి అన్నంత అర్థాన్ని రెండే మాటల్లో ఇమిడ్చానని నా ఉద్దేశం. పది నిమిషాల్లో ఆ సందేశాన్ని చాలామంది ముందుకు పంపారు. నా భాషకు దక్కిన గౌరవమనుకున్నాను.

మొదటి ఆదివారం గోదాంలో అడుగుపెట్టేసరికి కందిపప్పు పొట్టు వాసన, నేల మీద పరిచిన పట్టాలు, వాటి మీద పాతికకు పైగా కుటుంబాలు. తాండూరు వాళ్ళే కాదు, పెద్దేముల్ నుంచి షేర్ ఆటోల్లో దిగినవాళ్ళు కూడా ఉన్నారు. నిర్వాహకుడనేవాడు ఒక్కడే: వికారాబాద్ వైపు ఏదో జూనియర్ కాలేజీలో ఫిజిక్సు చెప్పి రిటైరైన పెద్దమనిషి. సోడాబుడ్డి కళ్ళద్దాలు, భుజాన గుడ్డసంచి. ఆ సంచిలోంచి తీసి, వచ్చినవాళ్ళందరికీ చిన్నాపెద్దా తేడా లేకుండా ఒక్కొక్క పల్లీపట్టి చేతిలో పెడుతున్నాడు (పిల్లలు అప్పటికప్పుడే ‘పల్లీపట్టి సార్’ అని పేరు ఖాయం చేశారు). నేను నాది తినకుండా సాక్ష్యంగా రుమాలులో చుట్టి, నేరుగా వెళ్ళి మొదటి ప్రశ్న వేశాను: “ఇది ఎందుకు ఉచితం?”

ఆయన తల గోక్కున్నాడు. “ముప్పై ఏండ్లు క్లాసు చెప్పిననమ్మా. పిల్లగాండ్లు ప్రశ్నలడగకుండ కూసుంటె చెప్పుకుంట చెప్పుకుంటనే నిద్ర అచ్చేది. గిప్పుడు రిటైరైన. ఇంట్ల పండుకుంటె నిద్ర అస్తలేదు.”

ఇది సాక్ష్యంగా చెల్లదని ఈనాటికీ నా అభిప్రాయం. రెండో ప్రశ్న వేసేలోపే కుటుంబాలన్నీ ఒక్కసారిగా లేచి ఆయన్ని చుట్టుముట్టి, ప్లాస్టిక్ కవర్లలోంచి కాగితాలు తీసి ఆయన చేతుల్లో కుక్కసాగాయి. “జర సూడు సార్, రెండు తెచ్చిన”, “ఫొటో ఎన్కకు అంటువెట్టాల్నా సార్?” అని ఒకటే రద్దీ. ఆయన తెల్లని వైపు మాత్రమే చూసి, “మస్తు తెచ్చిన్రు, మస్తు తెచ్చిన్రు” అని మురిసిపోతూ అన్నిటినీ ఒక అట్టపెట్టెలో వేసుకున్నాడు. నేను మెడ చాచి పెట్టెలోకి చూశాను. అవి ఆధార్ జిరాక్సులు. రేషన్ కార్డు జిరాక్సులు. అడిగీ అడగకముందే పాతిక ఇళ్ళ వివరాలు ఒక అట్టపెట్టెలో! నేను ఊహించింది ఊహించినట్టే జరుగుతోందన్న బాధ కంటే, ఊహించింది నేనే అన్న ఆనందం ఎక్కువగా కలిగిందని ఇప్పుడు ఒప్పుకోవాలి. అంతలో ఆయన ఆ కాగితాలనే పిల్లలకు పంచి, మూల నుంచి మూలకు మడిచి త్రికోణం చేయమన్నాడు. మా చెల్లె చేతిలో త్రికోణం తయారైంది. దాని మీద ఎవరిదో తాతగారి సగం ముఖం, ఒక చెవి, సగం ఆధార్ నెంబరు.

నేను లేచాను. “అధ్యక్షా!” అన్నాను (గోదాంలో అధ్యక్షుడు లేడు, అసలు కుర్చీయే లేదు, అలవాటు). పది నిమిషాలు మాట్లాడాను. పౌరుల గోప్యత అన్నాను, అమాయకుల అజ్ఞానాన్ని ఆసరా చేసుకోవడమన్నాను, గణితమనే ముసుగు అన్నాను. పల్లీపట్టి సార్ కళ్ళద్దాలు తీసి తుడిచి, ఒక కాగితాన్ని మొదటిసారి తిరగేసి చూసి, “అయ్యో, గిదేంది!” అన్నాడు. నటన అనుకున్నాను. ఇక మిగిలింది సాక్షి విచారణ. ముందు వరసలో పెద్దేముల్ నుంచి వచ్చిన ఒకామె తన బిడ్డను పక్కన కూర్చోబెట్టుకుని, రెండో జత జిరాక్సులు ఇంకా ఒళ్ళో పెట్టుకుని ఉంది. గొర్రెలు కాసుకునే ఇల్లు, అబద్ధమాడే మనిషి కాదని చూస్తేనే తెలుస్తోంది. జవాబు తెలియని ప్రశ్న సాక్షిని అడగరాదని మా కాలేజీలో మొదటి వారంలోనే నేర్పారు. నేను నాకు జవాబు తెలుసనుకున్నాను.

“అత్తా, భయపడకుండా అందరికీ వినబడేటట్టు చెప్పు. ఈ కాగితాలు తెమ్మని నీకెవరు చెప్పారు?”

“తాండూర్ల ఎవలో వకీలమ్మ ఉన్నదంటనమ్మా. మస్తు సదువుకున్నదంట. గామె ఫోన్ల చెప్పింది.”

“ఏమని?”

“జిరాక్సులు, ఫొటోలు అడుగుతరు, తయారుగుండున్రి అని. గంత పెద్ద సదువుకున్నామె చెప్తె తేకుంటె ఎట్ల?”

వెనక నుంచి మా పక్కింటి ఖాలా నవ్వు వినిపించింది. బస్టాండు ఎదుట జిరాక్స్ దుకాణం ఆమెదే, మనవరాలితో వచ్చింది. “అరె బేటీ, గా మెసేజు నువ్వు పెట్టిందే గదా! పొద్దుగాల సంది నా మిషను గరమైపోయింది. నేను అడిగిన, కైకు, గిన్ని ఎందుకు అని. వకీలమ్మ ‘సిద్ధంగా ఉండండి’ అన్నదట!” అని ఫోను తీసి గోదాం దద్దరిల్లేటట్టు చదివింది. గట్టిగా చదివితే ఆ వాక్యంలో నా గుండె దిటవు ఎక్కడా వినిపించలేదు. మా ప్రాంతంలో ఏ ఆఫీసు మెట్లెక్కినా రెండు జిరాక్సులు, రెండు ఫొటోలు కవరులో లేకుండా ఎవరూ ఎక్కరు. కాగితాలు అడుగుతారని చెబితే ‘ఎందుకు’ అని అడిగేవాళ్ళు లేరు, ‘ఎన్ని’ అని అడిగేవాళ్ళే. ఇది పుట్టినప్పటి నుంచీ చూస్తున్న నేను, వద్దనడానికి బదులు సిద్ధంగా ఉండమన్నాను. నేరం, నేరానికి సాక్ష్యం, ఫిర్యాదు, అన్నీ ఒక్క చేతి మీదుగానే జరిగాయి.

జనం నవ్వారు. నవ్వుతో పోయినా బాగుండేది. కాని నా పది నిమిషాల ప్రసంగం వాళ్ళ చెవుల్లో పడనే పడింది, పైగా అది చాలా బాగుంది (ఈ మాట నేను కాదు, ఖాలా అన్నది). నిజం తెలిసిన తర్వాత కూడా, “ఏమో, గంత గట్టిగ చెప్పిందంటె ఏదో ఉంటది” అనుకుంటూ ఒక్కొక్కరే పిల్లల చేతుల్లోంచి త్రికోణాలు లాక్కుని, విప్పి, తొడ మీద పెట్టి సాపు చేసుకుని, ఎవరి ముఖం వాళ్ళు వెతుక్కుని వెళ్ళిపోయారు. పెద్దేముల్ అత్త కూడా బిడ్డ రెక్క పట్టుకుని లేచింది. చివరికి నాలుగు కుటుంబాలు మిగిలాయి. పల్లీపట్టి సార్ కోప్పడలేదు. “మిల్లాయన లొల్లి, పంచాయితి లేకుంటెనే గోదాం ఇస్తనన్నడు. వచ్చే ఐతారం పది ఇండ్లోళ్ళన్న రాకుంటె తాళం చేతులు వాపసు ఇచ్చేస్తనమ్మా” అన్నాడు. మా చెల్లె ఏడవలేదు. నాతో మాట్లాడటం మానేసింది. ఆ రాత్రి అన్నం దగ్గర “అమ్మా, పచ్చడి జర గిటు జరుపుమను” అంది. పచ్చడి నా ముందే ఉంది.

మరునాడు కాలేజీ ఎగ్గొట్టి పెద్దేముల్ ఆటో ఎక్కాను. ఆ ఊరి వాళ్ళంతా అత్త మాట మీదే వచ్చారని ఆటోవాలా చెప్పాడు. ఆమె కదిలితే తక్కినవాళ్ళు కదులుతారు. ఆమె గొర్రెల దొడ్డి దగ్గర నిలబడి, మేతకు వెళ్ళబోతున్న మందను చూస్తోంది. సార్ మంచివాడని, తప్పు నాదేనని, ఒక్క అలంకారం కూడా లేకుండా చెప్పాను. ఆమె సాంతం విన్నది.

“నిన్న దొంగన్నవ్. ఇయ్యాల దొర అంటున్నవ్. రాత్రికి రాత్రి ఏమైంది?”

“నిజం తెలిసింది అత్తా.”

“నిజం నిన్న గూడ తెలిసిందన్నవ్ గద. గాయన నీకేమన్న ఇచ్చిండా?”

“పల్లీపట్టి ఇచ్చాడు” అన్నాను. నిజాయితీ కొన్ని సందర్భాల్లో పనికిరాదు. ఆమె “హూ” అని మంద వైపు తిరిగి, “ఒకటి తక్కువుంది” అంది. నేను ఆమె పెదవులు కదలడం చూడలేదు, వేలు మడవడం చూడలేదు. లెక్కపెట్టకుండా ఎలా తెలిసిందని అడిగాను. “లెక్కపెడితె ఎన్ని ఉన్నయో తెలుస్తది. ఏది లేదో ఎట్ల తెలుస్తది? ముఖాలు సూడాలె” అంది. తర్వాత నా ముఖం కూడా అలాగే చూసి, తీర్పు చెప్పింది. “వస్త. నా బిడ్డకు నేర్సుకోవాలని ఉన్నది. గని నువ్వు నా పక్కపొంటి కూసోవాలె. నా బిడ్డ ఏ లెక్క చేస్తె నువ్వు గా లెక్క చెయ్యాలె. మోసమే అయితె ముందుగాల నువ్వు మునగాలె.”

ఆ షరతు వినగానే నేను ఆటో వచ్చే దారి వైపు చూశాను. దానికి కారణం ఆమె తర్కం కాదు. ఇంతవరకు పాఠకుల దగ్గర దాచిన ఒక విషయం ఇక్కడ చెప్పక తప్పదు: పదో తరగతిలో నేను లెక్కల గండం గట్టెక్కింది అంచు మీద. ఆ తర్వాత అంకెల ముఖం చూడకుండా బతికే మార్గం వెతుక్కుంటూ ఆర్ట్స్ గ్రూపులో చేరాను, అక్కడి నుంచి డిబేటులోకి దూకాను. గోడ మీది కాగితంలో నాకు అన్నిటికంటే పెద్ద కుట్రగా కనిపించిన వాక్యం ‘ఉచితం’ కాదు. ‘ఇంటి పెద్ద ఒకరు తప్పక రావాలి’. గోప్యత గురించి నేను చెప్పినదంతా సత్యమే, ఇప్పుడైనా చెబుతాను. కాని ఆ సత్యం వెనక ఒక భయం చాలా సౌకర్యంగా దాక్కుని ఉందని ఆ గొర్రెల దొడ్డి ముందు నాకు తెలిసింది. సరేనన్నాను.

రెండో ఆదివారం పదకొండు కుటుంబాలు వచ్చాయి. పల్లీపట్టి సార్ అట్టపెట్టెలో మిగిలిన జిరాక్సులన్నీ పేరుపేరునా పిలిచి వెనక్కి ఇచ్చి, పాత క్యాలెండర్ల కాగితాలు పంచాడు. నేను పెద్దేముల్ అత్తకూ ఆమె బిడ్డకూ మధ్య ఇరుక్కుని కూర్చుని భిన్నాలు చేశాను. చెల్లె నాతో మాట్లాడేది కాదు గాని నా నోటు పుస్తకంతో మాట్లాడేది. “గీడ సున్న లేదు”, “గిది తలకిందులున్నది” అని పెన్సిలుతో రాసి పోయేది. అత్త లెక్కలన్నీ నోటితోనే తేల్చేసి, నేను కాగితం మీద గింజుకుంటుంటే జాలిపడి, “ఫికర్ చెయ్యకు బిడ్డా, మా చిన్న గొర్రెపిల్ల గూడ మొదట్ల గిట్లనే నడిచేది” అని ఓదార్చేది.

ఆరో ఆదివారం కోట్‌పల్లి. నీళ్ళు పాయలా లోపలికి చొచ్చుకొచ్చిన ఒక చోట నిలబడ్డాం. అవతలి ఒడ్డున సరిగ్గా మాకెదురుగా ఒక తెల్లని రాయి. ఉపాయం చాలా చిన్నది: చదరపు కాగితాన్ని మూల నుంచి మూలకు మడిచి, దాని ఒక అంచును ఒడ్డు వెంట పెట్టి, మడత గీత వెంట చూస్తూ నడవాలి. ఆ గీత సూటిగా ఆ రాయినే చూపించిన చోట ఆగాలి. అక్కడిదాకా మనం నడిచిన దూరమూ, నీళ్ళకు అడ్డంగా ఉన్న దూరమూ ఒక్కటే. తాడూ విసరక్కరలేదు, అవతల ఎవరూ పట్టుకోనక్కరలేదు. మా చెల్లె కాగితం పట్టుకుని నడిచింది, నేను వెనక అడుగులు లెక్కపెట్టాను. చివరికి అది అందరి ముందూ నిలబడి నూట నలభై ఆరు అడుగులని, ఎందుకో ఎలాగో వివరించి చెప్పింది. జనం చప్పట్లు కొట్టారు. అప్పటికే మధ్యాహ్నం, అందరి సద్దిమూటలూ చెట్టు కింద ఎదురుచూస్తున్నాయి. పల్లీపట్టి సార్ “ఎవలికన్న అభ్యంతరం ఉన్నదా?” అన్నాడు. అందరూ తిరిగి నన్నే చూశారు.

నాకు అభ్యంతరం ఉంది. మేము నడిచింది ఒడ్డు వెంట. ఒడ్డు నడుమ ఒకచోట కొంచెం వంగింది. వంకర దారిలో నడిచిన అడుగులు, నేరుగా ఉన్న దూరానికి సమానం ఎలా అవుతాయి? కాని అది చెబితే తప్పయ్యేది చెల్లె లెక్క. దాని ఆరు ఆదివారాలు ఆ ఒక్క అంకె కోసమే. ఆ రోజు నోరు విప్పనని పొద్దున్నే నాకు నేనే ఒట్టు కూడా వేసుకుని ఉన్నాను. పళ్ళు బిగించి, నీళ్ళ వైపు చూస్తూ నిలబడ్డాను. అలా ఎంతసేపు నిలబడేదాన్నో గాని, చెల్లె నా దగ్గరకు వచ్చి నా ముఖంలోకి చూసింది.

“అక్కా, ఏదో ఉన్నది నీకు. అడుగు.”

“ఏం లేదు.”

“ఉన్నది. నీ ముక్కు గట్లనే అయితది. అడుగంటున్న గదా!”

నేను అడిగాను. పల్లీపట్టి సార్ కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, ఒడ్డు వంక చూసి, “నేను సుత సూసుకోలే. గిన్ని ఏండ్లకు ఒక్క మంచి ప్రశ్న అడిగిన్రు” అని గంతేసినంత పని చేశాడు. సద్దులు విప్పబోతున్న పదకొండు కుటుంబాలు ఘొల్లుమన్నాయి. “నీకు దండం వెడ్త వకీలమ్మా, బువ్వ తిన్నంక అడుగరాదా!” అంది పెద్దేముల్ అత్త. “నక్కో బేటీ, ఇప్పుడు వద్దు, ఎండకు మాడిపోతున్నం” అంది ఖాలా. ఎవరు విన్నారు? చెల్లె అప్పటికే తాడు తెచ్చి ఒక కొస నా చేతిలో పెట్టి, “గట్టిగ గుంజి పట్టు, వంకర పోవద్దు” అని పరుగెత్తింది.

రెండోసారి తొమ్మిది అడుగులు తగ్గాయి. నడినెత్తిన ఎండ, ఆకలి, చుట్టూ పదకొండు ఇళ్ళ శాపనార్థాలు. తాడు కొస రెండు చేతులా పట్టుకుని, ఆ తొమ్మిది అడుగులు తానే ప్రాజెక్టు నుంచి గెలిచి తెచ్చినట్టు తలెత్తి నిలబడిన ఆ ఇరవై ఏళ్ళ పిల్ల ఇప్పుడు కళ్ళ ముందు కనిపిస్తే నవ్వొస్తుంది. ఆమెను పిలిచి, బువ్వ తినే దాకా ఆగితే ఒడ్డు ఎక్కడికీ పోదని చెప్పాలనిపిస్తుంది. అంతలోనే ఆమె మీద కొంచెం అసూయ కూడా కలుగుతుంది. అంతమంది ముందు అంత పెద్ద తప్పు చేసి నెల దాటిందో లేదో, మళ్ళీ అదే గొంతుతో, అదే జనం ముందు అడిగింది. నేనిప్పుడు అడిగే ముందు చాలాసేపు ఆలోచిస్తున్నాను.